జవాబు తెలిసిన సీసా

ఆ షేక్‌హ్యాండ్ అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపు సాగింది. కాన్ఫరెన్స్ హాల్ గుమ్మంలో సూటు వేసుకున్న విదేశీయుడు సైంటిస్టును నవ్వుతూ అభినందించి, చెయ్యి వదిలి, జనంలో కలిసిపోయాడు. అతని ఉంగరం గుచ్చుకున్న చోట ఒక ఎర్రటి చుక్క మిగిలింది. మర్నాటికి జ్వరం, వణుకు. ఆ మర్నాటికి ఐసీయూ.

ఆ సైంటిస్టు, సీక్రెట్ ఏజెంట్ 'నలుసు'కు సొంత అన్నయ్య.

ఆసుపత్రి లాండ్రీ గదిలో, తడి దుప్పట్ల మధ్య చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు.

"మందులకు లొంగని క్రిమిని రక్తంలోకి ఎక్కించారు. ఏ మందు పనిచేస్తుందో తేలాలి. ఆఖరి మందు ఒకటుంది, కానీ అది కిడ్నీల్ని తినేస్తుంది. రిపోర్ట్ లేనిదే డాక్టర్ దాన్ని ముట్టుకోడు."

"అన్నయ్య మెషిన్ ఉందిగా."

"వాళ్లకు కావలసిందీ అదే."

పాత పద్ధతిలో ఆ జవాబు కోసం, పాలు తోడుకునేదాకా ఆగినట్టు, రాత్రంతా ఆగాలి. ఒక్కోసారి మరో రోజు కూడా. అన్నయ్య మెషిన్‌లో గుండీకన్నా చిన్న గుంటలుంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో మందు, అందులో రోగి క్రిములు. కెమెరా కన్నార్పకుండా చూస్తుంది. క్రిములు పెరిగిన చోట మందు దండగ, ఆగిన చోట మందు పనిచేసినట్టు. పొద్దున పెడితే మధ్యాహ్నానికి తేలిపోతుంది. ఆ మెషిన్‌ని అమ్మమని ఒక విదేశీ సిండికేట్ అడిగింది. అన్నయ్య కుదరదన్నాడు.

"మెషిన్ తప్పు చెప్పి, దాన్ని కనిపెట్టినవాడే పోతే ఇంకెవరు కొంటారు?" అన్నాడు చీఫ్. "రిపోర్ట్ మార్చడానికి వాళ్ల మనిషి లోపలే ఉన్నారు. కోడ్ నేమ్ కలువ. మెషిన్ పాస్‌వర్డ్ ముగ్గురి దగ్గరుంది. ల్యాబ్ టెక్నీషియన్, ఐసీయూ డాక్టర్, మీ వదిన."

"సిండికేట్ సంగతులు మనకు చేరవేసిందే వదిన."

"అందరితోపాటు ఆవిడనీ చూడు."

అన్నయ్య రెండు చేతుల నుంచీ తీసిన రక్తం రెండు సీసాల్లో ఉంది. రెండింట్లోనూ క్రిములు పెరిగాయి. ఒకటి ఆసుపత్రి మెషిన్‌కి వెళ్లింది. రెండోదాన్ని నలుసు ఫ్లాస్కులో దాచి పశువుల ఆసుపత్రికి చేర్చింది. అన్నయ్య తయారుచేసిన మొట్టమొదటి మోడల్ అక్కడుంది. దానికి నెట్ లేదు, పాస్‌వర్డూ లేదు. రోగి వివరాల దగ్గర 'గుర్రం, మగ' అని రాయించింది.

తర్వాత వల పన్నింది. మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఏ ల్యాబ్‌లోనైనా రోజూ ఒక తెలిసిన క్రిమిని పెడతారు. జవాబు ముందే తెలిసిన క్రిమి. నలుసు ఎంచుకున్నది ఆఖరి మందుకు తప్ప దేనికీ లొంగనిది. దాన్ని మూడు సీసాల్లో నింపి, వడ్రంగి, డ్రైవర్, దర్జీ అన్న దొంగ పేర్లతో ఆసుపత్రి మెషిన్‌లో పెట్టింది. అన్నయ్య రెండో సీసా ఇదేనంటూ ముగ్గురికీ విడివిడిగా ఒక్కో పేరు చేరేలా చూసింది, డాక్టర్‌కూ టెక్నీషియన్‌కూ చీఫ్ ద్వారా. రెండు సీసాల జవాబులూ కలవాలంటే కలువ ఆ పేరు మీది రిపోర్టునూ మార్చక తప్పదు.

వదినకు చివర్లో తనే చెప్పింది. ఇన్ని రోజుల జాగారంలోనూ వదిన కాటుక చెదరలేదు, చీర కుచ్చిళ్లు నలగలేదు. స్వీపర్ వేషంలో ఉన్న ఆడపడుచును చూసి పెదవి విరిచింది.

"ఎవరిదే ఈ యూనిఫాం? నువ్వూ మీ చెల్లెలూ కలిసి దూరొచ్చు."

"నాకు చెల్లెలు లేదు వదినా."

"అందుకే సగం ఖాళీగా ఉంది."

అంటూనే జారిపోతున్న విగ్గును సరిచేసి పిన్ను పెట్టింది. తల్లి లేని ఇంట్లో చిన్నారి నలుసుకు జడలు వేసిన వేళ్లవి.

"రెండో సీసా దర్జీ పేరు మీద ఉంది. నీకొక్కదానికే చెబుతున్నా."

"మంచి పని చేశావు," అంది వదిన, చెంప నిమిరి. ముగ్గురిలోంచి ఒక పేరు కొట్టేసినట్టే అనుకుంది నలుసు.

మధ్యాహ్నం ల్యాబ్ తెరమీద ఫలితాలు వచ్చాయి. అన్నయ్య సీసాకు మామూలు మందే చాలట. వడ్రంగికి ఆఖరి మందు తప్ప ఏదీ పనికిరాదు. డ్రైవర్‌కూ అంతే. దర్జీకి అన్ని మందులూ పనిచేస్తాయి.

నలుసు దర్జీ దగ్గరే ఆగిపోయింది. ఆ సీసా నింపింది తనే. ఇంకోసారి చదివింది. తర్వాత నేల తుడిచే కర్రను గోడకు ఆనించి ఐసీయూకి పరుగెత్తింది.

నర్సు అప్పటికే సెలైన్ స్టాండుకు మామూలు మందు తగిలిస్తోంది. రిపోర్ట్ పట్టుకుని డాక్టర్, ఆయన పక్కనే వదిన.

"ఆపండి."

"స్వీపర్లు బయట ఉండాలమ్మా," అన్నాడు డాక్టర్.

నలుసు విగ్గు తీసి, ఐడీ కార్డు చూపించింది. వదిన వైపు తిరిగింది.

"దర్జీ సీసాలో ఉన్నది ఎవరి రక్తం వదినా?"

"మీ అన్నయ్యది. నువ్వే చెప్పావుగా."

"అందులో రోగి రక్తమే లేదు. మెషిన్‌ని పరీక్షించే క్రిమి అది. దాని జవాబు నాకు పొద్దున్నే తెలుసు. ఆ పేరు చెప్పింది నీకొక్కదానికే, మూడింట్లో జవాబు మారిందీ దానికొక్కదానికే."

వదిన చేతిలోని ఫోన్ వైపు చూసుకుని, నెమ్మదిగా బ్యాగులో వేసుకుంది.

"నాకే అబద్ధం చెప్పావన్నమాట." ఆ గొంతులో నిజంగానే నొప్పి ఉంది.

"నువ్వు కాదని తేల్చుకుందామని చెప్పాను."

"మీ అన్నయ్య ఆ పెట్టెతో కాపురం చేశాడే. నేను ఆ ఇంట్లో అద్దెకున్నాను."

"అందుకని చంపేస్తావా?"

 డాక్టర్ రిపోర్ట్ నలిపేశాడు.

"ఇది తప్పయితే ఒప్పేది? బీపీ పడిపోతోంది. ఆఖరి మందు ఊరికే ఇవ్వలేను."

నలుసు ఫోన్ మోగింది. పశువుల డాక్టర్ పంపిన ఫోటో.

"గుర్రం రిపోర్ట్ వచ్చింది."

"గుర్రమేమిటి?"

"పడుకుని ఉన్నారుగా, ఆయనే. ఆఖరి మందొక్కటే పనిచేస్తుంది."

మానిటర్ కీచుమంటుండగా నర్సు సంచి మార్చింది.

వదిన ఫోన్ ఆధారంగా సూటువాడు ఎయిర్‌పోర్టులో దొరికాడు. లాండ్రీ గదిలో చీఫ్ గొంతు తగ్గించి అన్నాడు, "ఆవిడ మీద నాకు మొదటినుంచీ అనుమానమే. నీకు చెబితే నీ మొహం పట్టిచ్చేసేది."

"మరి మిగతా ఇద్దర్నీ ఎందుకు చేర్చారు?"

"నీకు కష్టంగా ఉండకూడదని."

నలుసు విగ్గును ఆయన చేతిలో పెట్టి బయటికి వచ్చేసింది.

జ్వరం దిగాక అన్నయ్య కళ్లు తెరిచాడు.

"మెషిన్ కరెక్టుగా చెప్పిందా?"

"చెప్పింది."

"మీ వదిన ఏదే?"

"నీ దగ్గరే కూర్చుని కూర్చుని అలిసిపోయింది. ఇంటికి పంపాను."

ఏజెంట్ నలుసు మొదటి ప్రశ్నకు మాత్రం నిజమే చెప్పింది.