తమరు, ఉగ్రాంకం సున్నా

పదకొండు కాకముందే నూకరత్నం నలభై మూడు చంపడాలు కొట్టిపారేసింది. ఎండ చంపేస్తోందన్నవాళ్ళు పద్దెనిమిది మంది. పాట పాడి చంపేశావురా అని స్నేహితుణ్ణి మెచ్చుకున్నవాడు ఒకడు. చేపల బజారులో "తల తీసెయ్యమంటారా, ఉంచమంటారా?" అని అడిగిన ఆవిడకి యంత్రం ఎనభై ఎనిమిది వేసింది. పాపం, ఆవిడ అడిగింది పండుగప్ప గురించి.

కాకినాడ మాటతూనికల కేంద్రంలో ఆమె పని ఇదే. నివాస గోపురాల గోడల్లో పొదిగిన చెవులు విన్నదాన్ని సౌమ్య అనే యంత్రం తూచి ఉగ్రాంకం వేస్తుంది. డెబ్బై దాటిన మాట నూకరత్నం ముందు నారింజ రంగులో వెలుగుతుంది. తొమ్మిది సెకన్లలో 'నానుడి' అనో 'నిజం' అనో మీట నొక్కాలి. తొంభై దాటితే అడగడాలు లేవు, నేరుగా ఎరుపే. మూడు ఎరుపులు పడిన గొంతుకి పట్టీ బిగిస్తారు. ఇక ఆరు నెలలు ఉలుకూ పలుకూ ఉండదు. ఈ ఏర్పాటు వచ్చాక ఊళ్ళో కొట్లాటలు తగ్గిన మాట నిజమే. ఇప్పుడు తోడికోడళ్ళు కూడా గ్రాంథికంలో దెప్పుకుంటున్నారు.

"తమరి ఏకాగ్రత ప్రశంసనీయం," అంది సౌమ్య, తలమీది పలకలోంచి. "అయితే తమరికి నేడు ఏడు నానుడులే మిగిలి ఉన్నవి."

రోజుకి యాభై దాటితే చెవి మొద్దుబారిందని కుర్చీ తీసేస్తారు. నిరుడు అలా వెళ్ళినవాళ్ళు ఇద్దరున్నారు.

తరువాతి దస్త్రం రాగానే మీట బిగుసుకుపోయింది. మూడో ఎరుపు. విని 'విన్నాను' అని సంతకం పెట్టడమే తప్ప చెయ్యగలిగింది లేదు.

ఆరో గోపురం, నాలుగో అంతస్తు. మంగాయమ్మ, వయసు అరవై ఎనిమిది. "ఎడమకి తిరగవయ్యా, నీ దుంప తెగ! ఆ మెట్టు కాదు! చస్తావ్!" ఉగ్రాంకం తొంభై ఒకటి.

ఆ గొంతు నూకరత్నానికి బాగా తెలుసు. మంగాయమ్మది కింద ఇడ్లీ బండి. రోజూ గిన్నెలు మోసుకుంటూ దిగుతుంది కాబట్టి, చూపులేని మొగుడు పెంటయ్యని చేత్తో కాదు, నోటితో నడిపిస్తుంది. ఒక్కో మెట్టుకీ ఒక్కో తిట్టు. ఆ తిట్లు పట్టుకునే ఆయన రోజూ నాలుగు అంతస్తులు దిగుతాడు. ఆ గొంతు మూతపడితే ఆయన దేన్ని పట్టుకుని దిగుతాడు?

కానీ ఇవాళ్టి 'చస్తావ్'లో ముద్దు లేదు, హడలు ఉంది. నూకరత్నం ఆ గోపురం చెవి విన్నదాన్ని అరగంట వెనక్కి తిప్పింది. గోపురం నిర్వాహకుడు కామరాజు మాట్లాడుతున్నాడు.

"తమరు ఇంకా ఖాళీ చెయ్యలేదాండి? ఏం పర్లేదండి. పెద్దాయనకి చూపు లేదు కదండి, మెట్లమీద ఏ సబ్బునీళ్ళో ఒలుకుతాయండి, మనం చెప్పలేం కదండి. తమరు జాగ్రత్తండి."

ఉగ్రాంకం సున్నా. పక్కన 'ఆదర్శ సంభాషణ' అని పచ్చ నక్షత్రం. ఆ తరువాత బకెట్టు బోర్లించిన చప్పుడు.

నూకరత్నం పై అధికారి జోగారావుని పిలిచి వినిపించింది.

"ఇది బెదిరింపు కాదాండి?"

"ఇందులో తప్పు మాటొక్కటి చూపించమ్మా."

"మాటల్లో లేదండి, 'తమరు'లో ఉంది. నిన్నటిదాకా 'మంగాయమ్మా, నువ్వు' అన్నవాడు ఇవాళ 'తమరు' అంటే ఏవిటండి అర్థం?"

జోగారావు నవ్వబోయి మానేశాడు. "మా అమ్మా అంతే. కోపమొస్తే 'తమరు భోంచేస్తారా?' అనేది. ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు." గొంతు తగ్గించాడు. "అలాగని యంత్రానికి వెటకారం నేర్పితే గోదారి జిల్లాల్లో నోరున్నవాడు మిగలడు. సంతకం పెట్టెయ్. పదకొండింటికి పట్టీవాళ్ళు బయల్దేరతారు."

"రెచ్చగొట్టినవాడి మాట ముందే ఎర్రబడి ఉంటే పట్టీ ఆగుతుంది కదండీ?"

"ఆగుతుంది. కామరాజుకి యంత్రం నక్షత్రం ఇచ్చిందిగా మరి."

అప్పటికి పదీ యాభై. ప్రతి తూనికదారుకీ నెలకొక కొత్త మాటని తూకంలో చేర్చే హక్కుంది; చేర్చగానే ఎదుట తెరిచి ఉన్న దస్త్రం మళ్ళీ తూకానికి వస్తుంది. నూకరత్నం మూడేళ్ళలో ఒక్కసారీ వాడలేదు. వాడినవాళ్ళని పైకి పిలిచి సంజాయిషీ అడుగుతారు. నిజంగానే గౌరవంతో తమరు అనే గుమాస్తాలు, పురోహితులు ఎంతమంది లేరు? వాళ్ళందరి ఉసురూ తనకే తగులుతుంది. అయినా వేళ్ళు మీటలమీదికి వెళ్ళాయి.

తమరు. తొంభై రెండు.

"ఏవిటమ్మా ఆ పని!" జోగారావు కుర్చీ పట్టుకున్నాడు. "ఊరంతా ఎర్రబారిపోతుంది!"

"ఊరికి ఇంకో మాట దొరుకుతుందండి. పెంటయ్యకి ఇంకో గొంతు దొరకదు."

"తమరు నిశ్చయంగా చేర్చదలచారా?" అని సౌమ్య మర్యాదగా అడిగింది.

నూకరత్నం కళ్ళు మూసుకుని 'అవును' నొక్కింది.

కామరాజు నక్షత్రం ఆరిపోయి ఆ చోట ఎర్ర చుక్క పడింది. మంగాయమ్మ పట్టీ ఆదేశం ఆగిపోయింది, ఆమె మూడో ఎరుపు చెరిగిపోయింది.

"తమరి సహకారానికి కృతజ్ఞతలు," అంది సౌమ్య.

ఆ గది గోడలోనూ ఒక చెవి ఉంది, అది టిక్కుమంది. తలమీది పలకపై ఎర్ర చుక్క వెలిగింది. గదిలో అందరూ తలెత్తారు.

"పొరపాటు జరిగినట్టున్నది. తమరు ఆందోళన చెందవలదు."

రెండో చుక్క.

"ఊరుకో తల్లీ, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు జోగారావు పలకకేసి చూస్తూ.

"అసౌకర్యానికి తమరు మన్నించ..."

మూడో చుక్కతో సౌమ్య గొంతు పూడిపోయింది. సౌమ్య వచ్చిన తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ గదిలో ఫ్యాను చప్పుడు వినపడింది. బయట వరండాలో ఎవరో గబగబా ఇటే వస్తున్నారు.

నూకరత్నం ముందు ఆరో గోపురం చెవి ఇంకా తెరిచే ఉంది.

"కుడికయ్యా, కుడికి! నీ దుంప తెగ, అక్కడ తడుంది!"

"తెలుసులేవే," అన్నాడు పెంటయ్య.

గొంతు పోయినా సౌమ్య తూస్తూనే ఉంది: డెబ్బై ఆరు, నారింజ రంగు. తలుపు తెరుచుకుంటుండగా నూకరత్నం 'నానుడి' నొక్కింది. నలభై నాలుగు.