అరిగిన చోటు

పొద్దున్నే ఇంటి వెనక షెడ్డులోంచి మెషిన్ మూలుగు వినపడితే గానీ అత్తగారికి టీ గొంతు దిగదు. గోడకు గడియారం ఉన్నా ఆవిడ దాన్ని నమ్మదు. షెడ్డులో ముందు ఫ్యాన్లు గుర్రుమనాలి, తర్వాత మోటార్లు ‘ఊఁ’ అని రాగం తీయాలి. అప్పుడే ఆవిడకి తెల్లారినట్టు. ఆ రోజు మాత్రం ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చినా రాగం లేదు.

“ఏమ్మా, ఇంకా లేవలేదా అది?” వంటింటి గోడకి చెవి ఆనించి కేకేసింది.

“లేచింది అత్తయ్యా. కళ్ళే తెరవడం లేదు!” షెడ్డులోంచి కోడలు బదులిచ్చింది.

“పక్కన ఓ రెండు దెబ్బలు వెయ్యి. వాడలాగే వేసేవాడు.”

“వేశాను. రేకు సొట్ట పడింది గానీ తెర వెలగలేదు.”

అది ఇనుము కోసే మిల్లింగ్ మెషిన్. అంకెలు చెబితే తనంతట తానే బల్లని జరుపుకుంటూ కోస్తుంది. ఇనుమంతా ఏనుగులా గట్టిది. పాడైందల్లా దాని బుర్ర, అంటే కంట్రోలర్. పాతకాలం టీవీలా వెనక్కి పొడుచుకొచ్చిన తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. ఆ తెర కొన్నాళ్ళుగా ముసలివాడి చూపులా మసకబారుతూ వచ్చి, ఇవాళ పూర్తిగా చీకటైపోయింది.

ఆ మెషిన్‌ని కొన్నదీ, నడిపిందీ అత్తగారి ఒక్కగానొక్క కొడుకు. పోయిన వానల్లో గుండెలో మంటగా ఉందంటూ ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళినవాడు తిరిగి నడిచి రాలేదు. ఆ తర్వాత కోడలే షెడ్డు తాళాలు అందుకుంది. పెళ్ళైన కొత్తలో సరదాకి నేర్చుకున్న పని ఇప్పుడు ఇంటికి కూడైంది. పంపుల ఫ్యాక్టరీకి మూతలు కోసి పంపుతుంది. మూతలు ఆగిపోతే ఫ్యాక్టరీ వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. ఆ మాట పైకనకుండా, “మా దగ్గరికే ఉద్యోగానికి వచ్చెయ్యమ్మా, ఉండడానికి గది కూడా ఇస్తాం” అని పిలుస్తున్నారు. ఆ ఊరు దూరం. ఈ ఇల్లు వదిలి ఒక్క పూటైనా బయట ఉండనని అత్తగారు తెగేసి చెప్పింది. మెషిన్ నడిస్తే ఇద్దరూ ఒక గూట్లో ఉంటారు, నడవకపోతే చెరో దారి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నోరెత్తరు.

కోడలు సర్క్యూట్‌కి కబురు పెట్టింది. సర్క్యూట్ అంటే మనిషే. కొడుకుతో కలిసి చదువుకున్నవాడు. పాత మెషిన్లకి కొత్త కంట్రోలర్లు పెట్టడం అతని పని. చేతిలో వైరున్నా లేకపోయినా నోరు మాత్రం ఆగదు.

“వదినా, దీనికి పార్టులు చేసే కంపెనీవాళ్ళే మర్చిపోయుంటారు,” అన్నాడు పెట్టె తలుపు తీసి లోపల టార్చి వేస్తూ. “బుర్ర మొత్తం మార్చేద్దాం. ఇనుము చెక్కుచెదరలేదు. ఇంకో తరం పనిచేస్తుంది.”

“మార్చెయ్,” అంది కోడలు. అనేటప్పుడు అతని మొహంలోకి చూడలేదు.

సర్క్యూట్ వైర్లు కత్తిరించే పటకారు తీశాడో లేదో, అత్తగారు పీట పట్టుకొచ్చి సరిగ్గా ఆ పెట్టె ముందే వేసుకుని కూర్చుంది.

“పెద్దమ్మా, కాస్త జరుగు, కాళ్ళ మీద ఏదైనా పడుతుంది.”

“పడనీ.”

“అత్తయ్యా, ఏంటిది చిన్నపిల్లలా?”

“అవునమ్మా, నేనే చిన్నపిల్లని. నువ్వు మాత్రం బాగా పెద్దదానివయ్యావు. ముందు వాడి చొక్కాలు పంచిపెట్టావు. చెప్పులు గుమ్మంలో ఉంటే కాళ్ళకి తగులుతున్నాయని తీసేశావు. మంచం దిక్కు మార్చావు. ఇప్పుడిదొక్కటే నీ కంట్లో పడటానికి మిగిలింది.”

“అది పాడైపోయింది అత్తయ్యా.”

“పాడైంది దాని మొహం. మొహం మార్చమను. గొంతు మార్చొద్దను.”

“గొంతు మోటార్లది పెద్దమ్మా,” సర్క్యూట్ మధ్యలో దూరాడు. “కొత్త బుర్ర మాట ఆ పాత మోటార్లు వినవు. వాటినీ మార్చాలి. కొత్తవి అసలు నోరెత్తవు, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకుల్లాగా.”

“నువ్వు నోర్ముయ్‌రా!” అని ఆవిడ కోడలి వైపు తిరిగింది. “పొద్దున అది మూలిగితే వాడు పనిలో ఉన్నాడనుకుంటాను. తెలుసు, లేడు. అయినా వంట చేసే ఆ కాసేపూ ఉన్నాడనుకుంటాను. ఆ కాసేపు కూడా నాకుంచవా? నీదేముందిలే, వయసులో ఉన్నదానివి, ఎలాగో మర్చిపోతావు.”

కోడలి చేతిలోని స్పానరు బల్ల మీద ఠంగుమని పడింది.

“ఇలా రండి.” అత్తగారి చెయ్యి పట్టుకుని లేవదీసింది. పాత కంట్రోలర్ మీద పచ్చ బొత్తాం దగ్గరికి తీసుకెళ్ళింది. మెషిన్‌ని మొదలుపెట్టే బొత్తాం అది. ఏళ్ళ తరబడి ఒకే బొటనవేలు నొక్కినందుకు రంగు పోయి, నడిమధ్య గుంట పడింది.

“ఇది ఆయన వేలు చేసిన గుంట. రోజూ పొద్దున్నే నా వేలు ఇందులో పెడతాను. చూడండి.” పెట్టి చూపించింది. “నా వేలు చిన్నది అత్తయ్యా. చుట్టూ ఖాళీ మిగిలిపోతుంది. ఒక్కో మూతకి ఒక్కోసారి నొక్కాలి. నొక్కినప్పుడల్లా ఆ ఖాళీ తగులుతుంది. మీకు పొద్దున కాసేపు ఆయన ఉన్నట్టుంటుంది. నాకు రోజంతా లేనట్టుంటుంది. ఎలా మర్చిపోమంటారు, ఎక్కడ మర్చిపోమంటారు?”

సర్క్యూట్ పటకారుని మెల్లిగా కింద పెట్టాడు.

అత్తగారు బొత్తాం వంక చూసింది, కోడలి వేలి వంక చూసింది. పీట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట నుంచి ఆవిడ కంచం పెట్టడం మానలేదు, మాట్లాడటం మానేసింది. కూర ఎక్కువైతే గిన్నెనే కోడలి వైపు జరిపేది.

పని సాగింది. పాత పెట్టెలోంచి ఎండిపోయిన తీగల్లా వైర్లు బయటికొచ్చాయి. వాటి చోట కొత్త మోటార్లు, పలకలాంటి పల్చటి తెర వచ్చి కూర్చున్నాయి. ఒక మధ్యాహ్నం సర్క్యూట్ కరెంటిచ్చి బల్లని ఇటూ అటూ నడిపించాడు. కోడలు చూస్తుంటే వంటింట్లోంచి అత్తగారు చీర కుచ్చెళ్ళతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఇంకా మొదలుపెట్టలేదా?” చాలా రోజుల తర్వాత మాట.

“నడుస్తోంది అత్తయ్యా.”

ఆవిడ నమ్మలేదు. వచ్చి బల్ల మీద చెయ్యి వేసింది. అరచేతి కింద ఇనుము పిల్లిలా జారిపోతోంది. ఆవిడ మొహంలో ఏదో దీపం తగ్గించినట్టయింది.

“అయితే ఇంకేముందమ్మా ఇక్కడ,” అంది మెల్లిగా. “ఆ ఫ్యాక్టరీ వాళ్ళు పిలుస్తున్నారుగా, వెళ్ళు. నేనుండగలను. కోపంతో అనడం లేదు.”

కోపంతో అని ఉంటే కోడలికి బాగుండేది. కోపానికైతే బదులుంటుంది.

ఆమె ఒక ఇనప దిమ్మని బల్ల మీది వైసు దవడల మధ్య బిగించి, మూత ఒకటి కోసి చూసింది. తీరా చూస్తే మధ్యలో గుండ్రంగా రావాల్సిన రంధ్రం కోడిగుడ్డులా వచ్చింది.

“ఇదేంటి మరిదీ, కొత్త బుర్ర తాగొచ్చిందా?”

సర్క్యూట్ తల గోక్కున్నాడు. “బుర్రది కాదు వదినా. బల్లని లాగే స్క్రూలో ప్లే ఉంది. స్క్రూ తిరుగుతుంది, బల్ల కదలదు. కాస్త తిరిగాక అప్పుడు కదులుతుంది. పాత కంట్రోలర్‌లో వాడు దానికేదో సర్దుబాటు చేసుకుని ఉంటాడు. దీంట్లో ఒక్కో చోటికి ఒక్కో అంకె పెట్టుకోవచ్చు. ఎక్కడెంత అరిగిందో కొలవాలి. వదిన బల్లని జరిపే చక్రం తిప్పాలి, నేను అంకెలు ఎక్కించాలి. కొలత గడియారంలో ముల్లు చూడ్డానికి ఒక మనిషి కావాలి. పెద్దమ్మా, కళ్ళజోడు తెచ్చుకో.”

“నాకేం తెలుసురా అవన్నీ?”

“నీకు తెలియాల్సింది ఒక్కటే. ముల్లు కదిలితే ‘కదిలింది’ అను. కదలకపోతే ఏం అనకు.”

“ఏం అనకపోవడం ఆవిడకి ఈ మధ్య బాగా అలవాటైంది,” అనేసి కోడలు నాలుక్కరుచుకుంది.

అత్తగారు కళ్ళజోడు లోంచి ఒక చూపు చూసి, బల్లకి ఆనించిన గుండ్రటి కొలత గడియారం ముందు కూర్చుంది.

ఎడమ కొస నుంచి మొదలుపెట్టారు. కోడలు చక్రాన్ని ఒక్క మెట్టు తిప్పిందో లేదో, “కదిలింది,” అంది అత్తగారు. బల్లని ఇంకాస్త జరిపారు. “కదిలింది.” మధ్యకొచ్చారు. “కదిలింది. ఇదంతా బాగానే ఉందిగా?”

“ఇక్కడంతా కొత్తదానిలా ఉంది పెద్దమ్మా. అదే వింత. ఎవరి మెషిన్లో అయినా మొదట అరిగేది మధ్యలోనే.”

ఇక రెండో కొస మిగిలింది. కోడలు బల్లని కుడివైపు చివరికంటా నడిపింది. కోసేటప్పుడు ఇనప పెచ్చులు ఎగిరిపడకుండా బల్ల వెనక నిలబెట్టిన ఎత్తైన రేకు కూడా దాంతోపాటే జరిగింది. రేకు జరిగినచోట గోడలో కిటికీ బయటపడి ముగ్గురి మీదా ఎండ పడింది.

కోడలు చక్రం తిప్పింది. అత్తగారు మాట్లాడలేదు. ఇంకో మెట్టు. మాట్లాడలేదు. మరో రెండు మెట్లు తిప్పాక గానీ “కదిలింది” అనలేదు.

“దొరికింది!” సర్క్యూట్ తొడ చరిచాడు. “అరుగుదలంతా ఇక్కడే. చూడు వదినా, వైసుని ఎడమ కొసన బిగించుకున్నాడు కదా, కోసినప్పుడల్లా బల్ల ఇక్కడికే రావాలి. అందరూ మధ్యలో బిగిస్తారు, వీడికేం రోగం?”

“నేను చూసినప్పట్నుంచీ అది అక్కడే ఉంది, నేనూ అక్కడే వాడుతున్నాను,” అంది కోడలు. “ఎందుకో అడగలేదు.”

“నేనడిగాను,” అంది అత్తగారు. కళ్ళజోడు తీసి కిటికీ వంక చూస్తోంది. “వెలుతురు కోసం అమ్మా అన్నాడు. తర్వాత పైన పెద్ద లైటు పెట్టించుకున్నాడు. అయినా అక్కణ్ణుంచి తియ్యలేదు.”

కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. పెరట్లో గిన్నెలు తోమే రాయి, పక్కన కుళాయి. అంతే. ఆ రాయి రోజూ కోడలి కళ్ళెదుటే ఉంటుంది. కానీ ఆమె షెడ్డులో ఉన్నంతసేపూ ఆ రాయి ఖాళీగా ఉంటుంది. ఖాళీ రాయిలో చూడ్డానికేముంది?

“వైసు మధ్యలో ఉంటే ఈ రేకు కిటికీకి అడ్డం,” అంది అత్తగారు నెమ్మదిగా. “పొద్దునా సాయంత్రం ఆ రాయి దగ్గర కూర్చునేదెవరు? నేనా? నా మోకాళ్ళు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి.”

అక్కడ కూర్చునేది కోడలే. రోజుకి రెండు పూటలా వీపు ఇటు పెట్టి గిన్నెలు తోమేది. వీపు వెనక ఒక మనిషి ఇంత ఇనుముని పక్కకి జరుపుకుని, ఆ ఇనుము అరిగిపోయేదాకా తన వంక చూస్తున్నాడని తెలియదు. ఒక్కసారైనా తిరిగి చూసి ఉంటే! పైట నోట్లో కుక్కుకుని మెషిన్‌కి ఆనుకుని నిలబడిపోయింది. అత్తగారు లేచి వచ్చి ఆ తలని తన భుజం మీదికి లాక్కుంది.

“మర్చిపోతావన్నాను. నాకు నోరెక్కువే. తిట్టు, పడతాను.”

సర్క్యూట్ గొంతు సవరించుకున్నాడు. “సులువైన దారొకటుంది వదినా. వైసుని మధ్యలోకి మార్చేస్తే ఈ గొడవంతా ఉండదు. అక్కడ స్క్రూ నున్నగా ఉంది.”

“అక్కడే ఉండనీ,” అన్నారిద్దరూ ఒకేసారి.

“అయితే వేలెడు వేలెడు చోటికీ కొలవాలి. ఇవాళంతా పడుతుంది.”

“పట్టనీరా. నీకింట్లో ఎవరేడుస్తున్నారు?” అంటూ అత్తగారు కళ్ళు తుడుచుకుని బయటికి వెళ్ళింది. ముల్లు చూసే పని సర్క్యూట్ నెత్తిన పడింది.

అత్తగారు లోపల పడుకుని ఏడుస్తుందేమోనని కోడలి మనసు ఇంట్లోనే ఉంది. చక్రం మీద చెయ్యి వేసి, కిటికీ వంక చూసి ఆగిపోయింది. అత్తగారు ఒక చేత్తో మధ్యాహ్నం తిన్న కంచాలు, ఇంకో చేత్తో నడుం పట్టుకుని పెరట్లోకి వస్తోంది. రాయి దగ్గర అమ్మా అంటూ చతికిలబడింది. కోడలిలా వీపు పెట్టలేదు. కిటికీకి ఎదురుగా తిరిగి కూర్చుంది.

“అత్తయ్యా, మోకాళ్ళు!”

“ఉన్నాయిలే, ఎక్కడికీ పోలేదు. ఆ ఫ్యాక్టరీ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు, మూతలు పంపుతాం గానీ మనిషిని మాత్రం పంపం అని!” కుళాయి తిప్పి, తల ఎత్తి చూసింది. “అలా చూస్తూ నిలబడకు, పని చూసుకో!”





కోడలు తడి కళ్ళతో నవ్వి, అరిగిన చోట చక్రాన్ని ఒక మెట్టు తిప్పింది. బల్ల కదలలేదు. ఇంకో మెట్టు తిప్పింది.