తువ్వాలు కింద బేరం

ట్రేడ్ గడువు ముగియడానికి ఇంకా నాలుగు గంటలుంది. మెల్‌బోర్న్ స్టేడియం నాలుగో అంతస్తులో ఇరవై క్లబ్బులకి ఇరవై గదులు. ఏ గది ముందు నిలబడినా చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. కారిడార్ చివర గోడంత తెర మీద ఇరవై క్లబ్బుల పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒకటే అక్షరం: ఎ. క్లాసులో అందరికీ ఫస్టు ర్యాంకు వచ్చినట్టు లెక్క. అయినా ఆ అంతస్తులో నవ్వే మొహం ఒక్కటీ లేదు.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అంటే మనం చూసే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది, జట్టుకి పద్దెనిమిది మంది, బంతిని కాలితో తన్నొచ్చు, పిడికిలితో కొట్టొచ్చు, ఎదుటివాడి వీపెక్కి మరీ అందుకోవచ్చు. ఆ ఆట సెప్టెంబరుతో అయిపోతుంది. అక్టోబరులో పది రోజులు ఇంకో ఆట ఉంటుంది, దాంట్లో బంతి ఉండదు. క్లబ్బులు ఆటగాళ్ళని మార్చుకుంటాయి, దాన్నే ట్రేడ్ అంటారు. అమ్మడం, కొనడం నిషిద్ధం. ఆటగాడికి బదులు ఆటగాడినివ్వాలి, లేదా డ్రాఫ్ట్ నంబరు ఇవ్వాలి. కొత్త కుర్రాళ్ళని ఏరుకునే రోజున నీ వంతు ఎన్నోదో చెప్పేదే ఆ నంబరు, ఒక్కో క్లబ్బు చేతిలో అలాంటివి కొన్ని ఉంటాయి. నంబరు ఎంత చిన్నదైతే అంత మంచి కుర్రాడు దొరుకుతాడు.

ఈ బేరాలు చూసుకునేవాళ్ళని లిస్ట్ మేనేజర్లంటారు. వెరిబ్రుక్ క్లబ్బు లిస్ట్ మేనేజరు పోలిశెట్టి వసుంధర. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ద్రాక్షారామంలో పుట్టి, చదువుకి మెల్‌బోర్న్ వచ్చి, ఈ కోడిగుడ్డు బంతి మాయలో పడి ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమె ఎదురుగా పెర్త్ నగరపు క్లబ్బు రివర్‌మౌత్ లిస్ట్ మేనేజరు ఫ్రేజర్ డన్ కూర్చున్నాడు. అరవై దాటినవాడు, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని.

"మా నేట్ హాలిస్‌ని తీసుకో, మీ తొమ్మిదో నంబరు ఇవ్వు," అంది వసుంధర.

ఫ్రేజర్ ఆ బేరాన్ని ఫోన్లో ఎక్కించాడు. వెరిబ్రుక్‌కి ఎ, రివర్‌మౌత్‌కి సి అని వచ్చింది. తల అడ్డంగా ఊపాడు.

"పోనీ ఇరవై."

ఈసారి రివర్‌మౌత్‌కి ఎ, వెరిబ్రుక్‌కి సి. మధ్యలో పద్నాలుగు పెట్టి చూస్తే ఇద్దరికీ బి వచ్చింది. న్యాయమైన బేరమంటే అదే కదా! కానీ ఫ్రేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"చేతులు కట్టుకుని కూర్చుంటే ఎ వస్తుంది వసూ. పనిగట్టుకుని బి తెచ్చుకున్నానంటే మా డైరెక్టర్లు నన్ను బతకనివ్వరు. మీవాళ్ళు మాత్రం ఊరుకుంటారా?"

ఊరుకోరు. ఆ సంగతి వసుంధరకి తెలుసు.

ఇదంతా హైండ్‌సైట్ మహిమ. పదేళ్ళ తరవాత వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక బేరం ఎలా అనిపిస్తుందో ఇవాళే చెప్పే యంత్రం కాబట్టి దానికా పేరు పెట్టారు. అది పనిచేసే తీరు వింటే తేలికే. బళ్ళో ఆడే రోజుల నుంచీ ప్రతి ఆటగాడి ఒంటికీ సెన్సర్లుంటాయి. ఎముక బలం, కండరాల అలసట, నిద్ర, గుండె వేగం అన్నీ యంత్రానికి చేరతాయి. ఒక బేరం చెబితే చాలు, రాబోయే పదేళ్ళ సీజన్లని పది లక్షల రకాలుగా తనలో తానే ఆడించి చూసుకుంటుంది. ఎక్కువసార్లు ఏం జరిగిందో దాన్నిబట్టి రెండు క్లబ్బులకీ గ్రేడు ఇస్తుంది. పాత ముప్ఫై ఏళ్ళ బేరాల మీద పరీక్షిస్తే నూటికి తొంభై ఆరు సరిగ్గా చెప్పింది.

అంతకుముందు ఈ మార్కులు పేపర్లవాళ్ళు వేసేవారు, నోటికొచ్చినట్టు. తొమ్మిదేళ్ళ కిందట వసుంధర ఒక పేరున్న ఆటగాణ్ణి ఇచ్చి, మోకాలు దెబ్బతిన్న ఊరూపేరూ లేని కుర్రాణ్ణి తెచ్చింది. పేపర్లన్నీ ఏకమై ఎఫ్ అన్నాయి. అభిమానులు ఇంటి మీద గుడ్లు విసిరారు, క్లబ్బు నోటీసిచ్చింది, ఆమె నెల్లాళ్ళు వీధిలోకి రాలేదు. నాలుగేళ్ళకి ఆ కుర్రాడే కప్పు తెచ్చాడు. తిట్టినవాళ్ళలో ఒక్కడూ తప్పైందనలేదు. అందుకే హైండ్‌సైట్ పెడదామా వద్దా అని ఓటింగు జరిగినప్పుడు మొదట చెయ్యెత్తింది వసుంధరే. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ రోజు ఆమెకి తెలీదు. యంత్రం వచ్చిన ఏడాది ఇరవై బేరాలు జరిగాయి. మరుసటేడు ఆరు. ఈ ఏడు తొమ్మిదిన్నర రోజులు గడిచినా ఒక్కటీ లేదు.

బేరం అంటే మీకూ నాకూ తెలిసిందే. ఇద్దరూ ఎదుటివాణ్ణి ముంచామనుకుంటేనే అది తెగుతుంది. ఎవరు మునుగుతారో ముందే తెలిశాక ఎవడు దూకుతాడు?

క్లబ్బులు ఏమైపోయినా వసుంధరకి ఇంత బాధ ఉండేది కాదు. నేట్‌కి మాటిచ్చింది. ఇరవై ఐదేళ్ళ కుర్రాడు, మైదానం అంచున, వింగ్‌లో, గాలిలా పరిగెడతాడు. భార్యతో విడిపోయాడు, మూడేళ్ళ పాప మిల్లీ తల్లితో పెర్త్‌లో ఉంటుంది. మెల్‌బోర్న్ నుంచి విమానంలో నాలుగు గంటలు. సీజన్లో ఆదివారాలు కూడా ఆటే. పాప ఫోను తెరని ముద్దుపెట్టుకుని, ఎదురుగా మనిషి కనిపిస్తే మాత్రం కొత్తవాణ్ణి చూసినట్టు తల్లి వెనక దాక్కుంటోంది. కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళుంది. పోయిన అక్టోబరులో నేట్ అడిగితే, "వచ్చే ఏడు తప్పకుండా పంపిస్తాను," అంది. ఆ వచ్చే ఏడు ఇదే.

ఫ్రేజర్ వెళ్ళిపోయాక వసుంధర లేచి అదే అంతస్తులో ఉన్న అద్దాల గదికి వెళ్ళింది. హైండ్‌సైట్‌ని తయారుచేసిన డాక్టర్ వేదుల రమాపతి అక్కడ కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. కాకినాడ మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు.

"డాక్టరు గారూ, మీ మిషన్ని ఒక్కటడగాలండి. నేట్‌కి కూతురుందన్న సంగతి దానికి తెలుసా?"

"తెలీదమ్మా. ఒంటికి సంబంధించినవే చూస్తుంది. కుటుంబ విషయాలు క్లబ్బు అనుమతిస్తేనే చేరుస్తాం."

"చేర్చండి. బిడ్డ మీద బెంగతో ఇక్కడ కుంగిపోతున్నాడని తెలిస్తే, పంపెయ్యడమే మేలని అదే చెబుతుంది కదండీ."

రమాపతి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టారు. "ఒకసారి చేరిస్తే తియ్యడానికి ఉండదు. నిబంధన అది. ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే టైము లేదండి."

ఆమె సంతకం చేసింది. యంత్రం తొంభై సెకన్లు తీసుకుంది. రమాపతి తెర ఆమె వైపు తిప్పారు.

"పాప దగ్గరుంటే ఈ కుర్రాడు పదకొండు శాతం బాగా ఆడతాడమ్మా. ఇంకో మూడేళ్ళు ఎక్కువ ఆడతాడు కూడా."

"నే చెప్పలా!"

"ఆ లాభమంతా రివర్‌మౌత్‌కి పోతుంది. అంటే మీరు ఇదివరకటికంటే ఖరీదైన వస్తువుని ఇస్తున్నారు. ఆ మేరకి మీరడగాల్సింది పెరిగింది."

వసుంధరకి ఒళ్ళు మండిపోయింది. "బిడ్డ మీద బెంగకి కూడా రేటు కట్టిందా అండీ?"

"మీరు కట్టమన్నారు, కట్టింది."

"మరి ఇక్కడే ఉంటే వాడేమైపోతాడో? దానికి గ్రేడు లేదా?"

"జరిగిన బేరానికే కొలతమ్మా, బేరం చెయ్యకపోతే మొదట ఇచ్చిన ఎ అలాగే ఉంటుంది. జరగనిదాన్ని దేనితో పోల్చి కొలవను? మీ క్లబ్బులు నన్నడిగింది బేరాల్లో మోసపోకుండా చూడమని. చూస్తున్నాను." ఆయన గొంతులో కొంచెం బాధ ఉంది. "నేను తప్పు లెక్క చెప్పానంటే సరిదిద్దుతాను. ఒప్పు లెక్కని ఏం చెయ్యమంటారు?"

వసుంధర గది బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. గడువు ఇంకా రెండు గంటలుంది.

అప్పుడు గుర్తొచ్చాడు తాత. ద్రాక్షారామం సంతలో పశువుల దళారీ. ఎద్దు ధర ఆయన ఎన్నడూ నోటితో చెప్పలేదు. భుజం మీది తువ్వాలు తీసి అవతలివాడి రెండు చేతుల మీదా కప్పేవాడు. దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం. పిడికిలి పడితే పది, తరవాత ఎన్ని వేళ్ళు పడితే అన్ని. చుట్టూ యాభై మంది మూగినా ఏం తెగిందో ఇద్దరికే తెలిసేది. తువ్వాలు తీశాక వెనక్కి వెళ్ళడమనేది లేదు. మాట తప్పిన దళారీకి మళ్ళీ ఆ సంతలో చేతిలో చెయ్యి వేసేవాడుండడు.

నిబంధనల పుస్తకంలో ముందుగా గ్రేడు చూసుకోవాలని ఎక్కడా లేదు. రెండు ఫారాల మీద ఇద్దరు మేనేజర్ల సంతకాలుంటే చాలు, బేరం ఖాయం. గ్రేడు తరవాత తెర మీదికొస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, గదుల్లో నంబరు నోటివెంట రాగానే ఎవరో ఒకరు యంత్రంలో కొట్టేస్తారు. నంబరు ఎవరి చెవినా పడకుండా ఉంటే?

ఆటగాళ్ళ గది నుంచి ఒక తువ్వాలు తెచ్చి, ఫ్రేజర్‌ని మెట్ల దారిలోకి లాక్కెళ్ళింది. సంగతంతా చెప్పింది. ముసలాయన ముందు తెల్లబోయాడు, తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఫోనులు?"

"గదుల్లోనే ఉన్నాయి."

"చూడకుండా సంతకం పెట్టేద్దామంటావు."

"చూస్తే పెట్టలేం ఫ్రేజర్. నువ్వూ పెట్టలేవు, నేనూ పెట్టలేను."

తువ్వాలు కప్పింది. ఆమె వేళ్ళు తొమ్మిది అడిగాయి. అతను పిడికిలీ, ఎనిమిది వేళ్ళూ అన్నాడు. ఆమె విదిలించుకుంది. అతను మళ్ళీ పట్టుకున్నాడు. పది నిమిషాల పెనుగులాట తరవాత పద్నాలుగో నంబరు, దాని మీద వచ్చే ఏటి రెండో రౌండు నంబరు, అంటే అన్ని క్లబ్బుల వంతులూ ఒకసారి అయ్యాక వచ్చేది, కూడా ఇవ్వాలన్న చోట తెగింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఫ్రేజర్ కళ్ళలో దొంగ సంతోషం, ఈమెని ముంచేశానని. వసుంధరకీ లోపల అదే సంతోషం. ఎన్నేళ్ళైందో అలా అనిపించి.

"దోచుకున్నావు నన్ను," అన్నాడు ఫ్రేజర్, పాత రోజుల మర్యాద ప్రకారం.

"నువ్వే దోచుకున్నావు," అంది ఆమె.

ఫారం నింపడానికి గదికి వస్తూనే, ఆగలేక నేట్‌కి ఫోన్ చేసింది. "అయిపోయింది బాబూ. సామాను సర్దుకో." "మిల్లీకి చెప్పేయనా?" అన్నాడు నేట్. "చెప్పు," అంది.

ఆమె ఫారం నింపింది. పేరు, కాంట్రాక్టు నంబరు, పద్నాలుగు, వచ్చే ఏటి రెండో రౌండు. ఇక సంతకమే మిగిలింది. ఫోన్ చేతికి దగ్గరగా ఉంది.

ఎందుకు చూసిందని తరవాత ఎన్నిసార్లో తనని తాను అడుక్కుంది. బేరం తెగాక చూస్తే తప్పేమిటనుకుంది. మంచి గ్రేడే వస్తుంది, ధైర్యంగా ఉంటుందనుకుంది. మూడేళ్ళుగా చూస్తున్న చెయ్యి కదా, అది దానంతటదే వెళ్ళింది.

రివర్‌మౌత్‌కి ఎ. వెరిబ్రుక్‌కి డి.

కింద కారణం కూడా రాసి ఉంది: కుమార్తె సాన్నిధ్యం వల్ల ఆటగాడి విలువలో పెరుగుదల. పాపని లెక్కలో కలపమని బతిమాలింది తనే. కలపకపోయి ఉంటే ఇదే బేరానికి తనకి కనీసం బి వచ్చి ఉండేది. బి అయితే సంతకం పెట్టి ఉండేదా? పెట్టి ఉండేదనే అనుకుంది.

పెన్ను కాగితం మీద ఆనించింది. ఇరవై గదుల్లో పందొమ్మిది ఎ గ్రేడులు, వాటి మధ్య తనదొక్కటే డి. ఈసారి నోటికొచ్చినట్టు రాసే పేపర్లు కావు, నూటికి తొంభై ఆరు నిజం చెప్పే యంత్రం. నాలుగేళ్ళు ఆగి చూడండి అని వాదించడానికి కూడా ఉండదు. గోడ మీద కారిన గుడ్డుసొనని చీపురుతో కడిగిన పొద్దు కళ్ళముందుకొచ్చింది. ఒక్క సంతకం, పది అక్షరాలు కూడా ఉండవు. కదలమని ఎంత చెప్పినా చెయ్యి కదల్లేదు. ఆమె తనని తాను నానా తిట్లూ తిట్టుకుంటూ అలాగే కూర్చుంది, గోడ గడియారం గడువు ముగిసే ఏడున్నర వైపు నడుస్తుంటే.

తలుపు తోసుకుని ఫ్రేజర్ వచ్చాడు. చేతిలో తన ఫారం. కింద సంతకం, ఇంకా ఇంకు ఆరలేదు.

"నేను చూడలేదు వసూ," అన్నాడు చిన్నపిల్లాడి గర్వంతో. "ఫోన్ ఫ్రిజ్‌లో పెట్టేశాను. నీదేదీ?"

ఆమె ఫారం వైపు, పక్కన వెలుగుతున్న ఫోన్ వైపు చూసేసరికి అతని మొహంలో నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంకా మూడు నిమిషాలుంది. ఆ మూడు నిమిషాలూ అతను తన ఫారం బల్ల మీద, ఆమెకి అందేంత దూరంలో పెట్టి ఎదురుచూశాడు.

గడువు ముగిసిందని హారన్ మోగింది. కారిడార్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ట్రేడ్ పీరియడ్ చరిత్రలో మొదటిసారి ఏ క్లబ్బూ నష్టపోలేదని మైకులో చెబుతున్నారు. హైండ్‌సైట్ సృష్టికర్తకి అభినందనలు కూడా చెప్పారు.

ఆమె ఫోన్ మోగింది. నేట్. ఆమె స్పీకర్ నొక్కింది.

"తెర మీద నా పేరు రాలేదండీ," అన్నాడు నేట్. వెనక ఇంకో ఫోన్లోంచి పాప గొంతు, ఏ డ్రాయింగు గోడకి అంటించాలని అడుగుతోంది. "ఏమైంది? ఫ్రేజర్ ఒప్పుకోలేదా?"

వసుంధర నోరు తెరిచింది. మాట రాలేదు. ఫ్రేజర్ ఆమెని ఒకసారి చూసి, తన సంతకమున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఫోన్ మీదికి వంగాడు.

"నేను ఫ్రేజర్‌ని బాబూ. ఆఖరి నిమిషంలో నాకే ధైర్యం చాల్లేదు. మీ మేడమ్ చాలా పోరాడింది. ఆవిణ్ణి ఏమీ అనకు."

"అనను," అన్నాడు నేట్. "థాంక్స్ మేడమ్."

కాదు, నేనే, అనాలి. ఆమె చివరిదాకా ఆ మాట అనలేకపోయింది.