బ్రెంట్ అనే చెక్కముక్క

మొదట నాకు కనిపించింది రెండు బూట్లు. వానలో, మా షాపు ముందున్న పదిహేడు అడుగుల ట్రైలర్ కింది నుంచి బయటికి చాచుకుని ఉన్నాయి.

"ఎవరది?" అన్నాను గట్టిగా.

"ఈ ఫ్రేము ఇక్కడ పగిలింది. వెల్డింగ్ చేసి, పైన రంగు పూసి దాచారు," అంది ట్రైలర్ కింద నుంచి ఒక గొంతు.

"దాచలేదండీ. తలుపుకి అంటించిన వివరాల కాగితంలో ఆరో లైన్లో రాశాం. బురదలో దొర్లే ముందు కాస్త చదువుకుని ఉంటే బాగుండేది."

బూట్ల వెనక మనిషి మెల్లగా బయటికొచ్చింది. పసుపు రెయిన్‌కోటు, చేతిలో టార్చి, జేబులో కొలిచే టేపు, చెంప మీద బురద. కాగితం దగ్గరికెళ్ళి ఆరో లైను చదివింది. "సరే, రాశారు. సారీ," అని నవ్వింది. నా కోపం అక్కడికక్కడే కారిపోయింది. పేరు థోరా అని చెప్పింది. ఒరెస్ట్ అని నా పేరు చెప్పాను.

మా షాపు గిమ్లీ ఊరి చివర, సరస్సుకి వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. కారు వెనక తగిలించుకుని పోయే చిన్న ఫైబర్ గ్లాస్ ట్రైలర్లు పాతవి కొని, బాగుచేసి అమ్ముతాం. చూడ్డానికి గుడ్డులా ఉంటాయి కాబట్టి ఈ చుట్టుపక్కల అందరూ వాటిని గుడ్లనే అంటారు. షాపు మా స్టెఫీ పిన్నిది. పనిచేసే చెయ్యి నాది. ట్రైలర్ కొనేవాళ్ళు వాన రోజునే రావాలంటుంది పిన్ని. ఎండలో అన్నీ బుద్ధిగానే కనిపిస్తాయట.

"జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సరస్సు చుట్టూ తిరిగి నీళ్ళు పరీక్ష చెయ్యాలి. అదే నా ఉద్యోగం," అంది థోరా. "మాకు చిన్నదైనా గట్టిది కావాలి. నా బుల్లి కారు లాగగలిగేది."

అంతా బాగానే ఉంది, ఆ 'మాకు' ఒక్కటే బాగాలేదు.

"మీకు అంటే?" అన్నాను, ఏదో కాగితంలో రాసుకోవడానికి అడిగినట్టు.

"నాకూ బ్రెంట్‌కీ. వాడు దూరంగా ఆల్బర్టాలో చమురు గనుల్లో పనిచేస్తాడు. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ."

ఇక్కడుండే రెండు వారాలు కూడా అక్కడే ఉండొచ్చుగా అనిపించింది నాకు.

పిన్ని లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా మా షాపులో ఒక పద్ధతి ఉంది. ట్రైలర్‌లో ఎవరు పడుకుంటారో వాళ్ళిద్దరూ తలుపేసుకుని ఇరవై నిమిషాలు అందులో పడుకుని చూస్తే తప్ప పిన్ని అమ్మదు. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకునేది దారి గురించి కాదు, మోకాళ్ళ గురించి అని ఆమె నమ్మకం.

"ఆ అబ్బాయి రాలేదుగా అమ్మాయ్. ఎంత పొడుగు?" అంది.

"ఆరడుగుల మూడంగుళాలు."

పిన్ని నన్ను కింద నుంచి పైకి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. "మావాడు ఐదడుగుల ఎనిమిది. ఆగండి," అని రంపం దగ్గరికెళ్ళి, ఏడంగుళాల చెక్కముక్క కోసి తెచ్చి నా చేతిలో పెట్టింది. "పడుకుని కాళ్ళ దగ్గర ఇది పెట్టుకోరా. మిగతా బ్రెంట్ ఇదే."

అలా నేను మరొకడి కొలతకి మనిషినయ్యాను.

పదిహేడు అడుగుల దాంట్లో మంచం పొడుగ్గానే ఉంది. నేను పడుకుని, పాదాల దగ్గర చెక్క నిలబెట్టాను. థోరా ఆ చివర పడుకుంది. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా. పైన వాన టపటపలాడుతోంది.

"బ్రెంట్ గోడవైపు పడుకుంటాడు," అంది ఆమె.

"జరగమంటారా?"

"జరగండి."

జరిగాను. చెక్కని కూడా జరిపాను.

"గురక పెడతాడు."

"అది కూడా నేనే పెట్టాలా?"

ఆమె నవ్వింది. మంచం కదిలేంత నవ్వు. నాకు ఆ నవ్వు దాచుకోవాలనిపించింది. కానీ తర్వాతి పది నిమిషాల్లో బ్రెంట్ గురించి నేను అడక్కుండానే చాలా తెలిసింది. బ్రెంట్ హాకీ బాగా ఆడతాడు. బ్రెంట్‌కి ఉల్లిపాయ పడదు. బ్రెంట్ ట్రక్కు ఇంటి కంటే పెద్దది. బ్రెంట్‌కి చిన్న వస్తువులంటే చిరాకు. మనిషిని ఒక్కసారైనా చూడలేదు, అయినా ఆ చెక్కముక్కని చూస్తుంటేనే ఒళ్ళు మండిపోయింది నాకు.

అయినా పని పనే. లేచి వెనక మూల నేలని మడమతో తొక్కి చూపించాను. మెత్తగా దిగింది. "కిటికీ రబ్బరు దగ్గర కారుతోంది. కింద చెక్క నానిపోయింది. ఇది కొనకండి."

"అమ్మేవాళ్ళు కొనద్దంటారా?"

"మా పిన్ని కాగితం కింద సంతకం పెడుతుందండీ. పైనున్నది నేను రాస్తాను. అబద్ధం రాస్తే ఆ సంతకం ఎందుకు?"

ఎంత గొప్పగా చెప్పానో. ఆ మాటలు నన్నే తినడానికి ఇంకో అరగంటే పట్టింది.

రెండోది పదమూడు అడుగులది. మీగడ రంగు, నడుము చుట్టూ ఆకుపచ్చ గీత. పోయిన చలికాలమంతా దానితోనే గడిపాను. పాత రివెట్లన్నీ పీకి కొత్తవి కొట్టాను. ఇరుసు మార్చాను. నేల చెక్కని ఆరు వైపులా రెజిన్‌తో మూశాను. థోరా దాని గోడ మీద వేలితో కొట్టి వింది. తలుపు వేసింది. ఒక్క 'టక్'. మళ్ళీ తీసి, మళ్ళీ వేసింది. టక్.

"ఇది ఎవరు చేశారు?"

"నేనే."

ఆమె నా వైపు చూసిన ఆ చూపు కోసం ఇంకో పది ట్రైలర్లు బాగుచేసేవాణ్ణి.

"కొంచెం ఆగండి, కారులో నోట్‌బుక్ ఉంది, తెచ్చుకుంటా. మీరు పడుకుని చూడండి," అని వానలోకి పరిగెత్తింది.

పడుకున్నాను. నాకు చక్కగా సరిపోయింది, పాదాల దగ్గర రెండంగుళాలు మిగిలింది కూడా. చెక్క పెట్టబోతే గోడకి తగిలింది. మంచం ఐదడుగుల పదంగుళాలు. బ్రెంట్ పట్టడు.

ఆ సంగతి చెబితే ఆమె ఇంకో షాపుకి పోతుంది. పొడుగు మంచం దొరుకుతుంది, దాంట్లో వాడు గోడవైపు హాయిగా కాళ్ళు చాపుకుని గురక పెడతాడు. చెప్పకపోతే? నాలుగు నెలలు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకుంటాడు. వాడి చిరాకు మొహం ఎలా ఉంటుందో తెలియకపోయినా ఊహించుకున్నాను, ప్రాణం లేచొచ్చింది.

బూట్ల చప్పుడు వినిపించింది. చెక్కముక్కని సింకు కింది అరలో, పైపు వెనక్కి తోసేశాను.

"సరిపోయాడా?" అంది తలుపులోంచి.

"సరిపోయాడు," అన్నాను.

కాగితంలో మంచం పొడవు దగ్గర ఆరడుగుల ఐదంగుళాలని రాశాను. అక్షరాలు కూడా వంకరపోలేదు, సిగ్గులేనివి. ఆమె జేబులో టేపు ఉన్న సంగతి నాకు గుర్తే లేదు.

"శనివారం వచ్చి తీసుకెళ్తాం. బ్రెంట్ ఆ రోజుకి దిగుతాడు," అంది థోరా.

ఇక ఆ మూడు రోజులు నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. మొదటి రోజంతా కడుపుమంటే. సరస్సు ఒడ్డున వాళ్ళిద్దరూ మంట వేసుకుని చేపలు వేయించుకోవడమే కళ్ళ ముందు, ఉల్లిపాయ లేకుండా. మా వైపు పెళ్ళి కుదిరితే ఖర్చుల కోసం సోషల్ అని డాన్సు పార్టీ పెట్టి, ఊరందరికీ టికెట్లు అమ్ముతారు. వాళ్ళ సోషల్‌కి టికెట్ తెచ్చి నాకే అమ్ముతుందేమోనని కూడా తలుచుకుని కుమిలిపోయాను.

రెండో రోజు పిన్ని ఆ కాగితం కింద సంతకం పెట్టింది. చదవలేదు. నా రాత ఆమె ఎప్పుడూ చదవదు. అప్పుడు మొదలైంది అసలు మంట. మంచాన్ని పొడిగించొచ్చేమోనని టేపు పట్టుకుని ట్రైలర్ చుట్టూ రెండు గంటలు తిరిగాను. గోడ వంపు తిరిగి ఉంది. గుడ్డుని సాగదీసే మార్గం ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు.

"ఏరా, ఆ మంచాన్ని అన్నిసార్లు కొలుస్తున్నావు, పెరుగుతుందనా?" అంది పిన్ని, బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీలు నములుతూ.

"ఊరికే పిన్నీ."

"ఊరికే కొలిచేవాడికి మొహం అంత వాడిపోదులే," అని ఇంకో పెరోగీ తీసుకుంది.

శనివారం మళ్ళీ వాన. థోరా బుల్లి కారు వచ్చి ట్రైలర్ ముందు ఆగింది. కారు అద్దాల మీద నీళ్ళు, లోపల ఎవరున్నారో తెలియలేదు. ఆమె దిగి, "తగిలించేద్దామా?" అంది.

ట్రైలర్ కొక్కెం పట్టుకుని వంగాను. కారు వెనకున్న ఇనప బంతి మీద దాన్ని దించడమొక్కటే మిగిలింది. దించితే వెళ్ళిపోతుంది. దించకపోయినా వెళ్ళిపోతుంది. కానీ దించితే పిన్ని సంతకం అబద్ధంతో వెళుతుంది.

"ఆగండి. కాగితం తప్పు," అన్నాను. "మంచం ఆరడుగుల ఐదు కాదు. ఐదడుగుల పది. బ్రెంట్ పట్టడు."

"పొరపాటా?"

"కాదండీ. తెలిసే రాశాను."

"ఎందుకు?"

"కుళ్ళుతో."

వాన ఆమె కోటు మీంచి కారుతోంది. మొహం కదల్లేదు. "ఎవరి మీద?"

"బ్రెంట్ మీద. మీ మీద ఇష్టం, అందుకని వాడి మీద కుళ్ళు. వాడు నాకేం చెయ్యలేదు. మీరూ చెయ్యలేదు. మీకు పొడుగు మంచం ఉన్నది నేనే వెతికిపెడతాను. పిన్నికి కూడా చెప్తాను," అని తలుపు మీది కాగితం పీకి చించేశాను.

థోరా ట్రైలర్ తలుపు తీసి లోపలికెళ్ళింది. సింకు కింది అర తీసింది. పైపు వెనక్కి చెయ్యి పెట్టి చెక్కముక్క బయటికి తీసింది, పెట్టిన చోటు తెలిసినట్టే.

"పైపులు కారుతున్నాయేమోనని చూశాను ఆ రోజు, నువ్వు కాగితం రాస్తుంటే. బ్రెంట్ ఇక్కడ దాక్కుని ఉన్నాడు," అంది. "తర్వాత టేపు తీశాను."

నేను గడపలోనే నిలబడిపోయాను. ఆమె 'నువ్వు' అనడం కూడా కాసేపటికిగానీ తలకెక్కలేదు. "మరి అప్పుడే అడగలేదేం?"

"నీ అంతట నువ్వు చెప్తావా లేదా అని. చెప్పకపోయి ఉంటే ట్రైలర్ తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. పని మంచిది. మనిషి మొహం మాత్రం మళ్ళీ చూసేదాన్ని కాదు." గొంతులో నిజంగానే కోపం ఉంది. "అబద్ధం రాస్తే ఆ సంతకం ఎందుకన్నది ఎవరు?"

"నేనే."

"మూడు రోజులు పట్టిందా?"

"పట్టింది. బుద్ధి తక్కువ."

ఆమె మంచం అంచున కూర్చుంది. చెక్కని ఒళ్ళో పెట్టుకుంది. "ఆ సాయంత్రం బ్రెంట్‌కి ఫోన్ చేశాను. ట్రైలర్ దొరికింది, చాలా బాగుంది, కానీ నువ్వు పట్టవు అన్నాను. వేరేది చూడు, పెద్దది, అన్నాడు. నా కారు లాగలేదన్నాను. కారు మార్చు అన్నాడు. ఇన్ని నెలలు సరస్సులో నీళ్ళు పట్టే ఉద్యోగం ఏం ఉద్యోగం, అదీ మార్చు అన్నాడు. నాలుగేళ్ళుగా నేను మార్చుకుంటూనే ఉన్నాను, ఒరెస్ట్. వాణ్ణే మార్చేస్తే సరిపోతుందని రెండు రోజులు ఆలోచిస్తే తెలిసింది."

"అంటే కారులో..."

"కేకు ఉంది. మా అమ్మ చేసింది, ప్రూన్స్ పెట్టి. ఏడు పొరలు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడే పిన్ని గొడుగు పట్టుకుని వచ్చింది. చించిన కాగితం, నా మొహం, థోరా ఒళ్ళో చెక్క, మూడూ చూసింది. జరిగింది నేను చెప్పాను. వీపు మీద ఒక్కటిచ్చింది, గట్టిగానే. కొత్త కాగితం నా చేత రాయించి, ఈసారి ప్రతి లైనూ చదివి సంతకం పెట్టింది.

"ఇప్పుడైనా అమ్మడం కుదర్దు," అంది థోరాతో. "పద్ధతి పూర్తి కాలేదు. ఇద్దరూ ఇరవై నిమిషాలు ఉండి చూడాలి."

"రెండో మనిషి లేడుగా స్టెఫీ గారూ."

"కొలత మనిషి ఉన్నాడుగా. ఈసారి వాడి కొలతకే చూసుకో."

థోరా నా వైపు చూసింది. "ఉల్లిపాయ పడుతుందా?"

"పడుతుంది."

"ఏ వైపు పడుకుంటావు?"

"గోడవైపు తప్ప ఎటైనా."

"కోపం ఇంకా పోలేదు నాకు. ముందు కూర్చుని కేకు తిందాం. అంతే."

"అంతే," అన్నాను. అంతకంటే నాకేం కావాలి.

కేకు తెచ్చాను. తలుపు లాగబోతుంటే ట్రైలర్ మెల్లగా ముందుకి కదిలింది. మా షాపు ముందు నేల పల్లం, కొక్కెం దించనేలేదు.

"చక్రం కింద ఏదైనా పెట్టండర్రా," అని కేకేసింది పిన్ని.

థోరా ఒళ్ళోని చెక్కముక్కని నాకందించింది. వానలో దిగి చక్రం ముందు పెట్టి, మడమతో గట్టిగా తన్నాను. ట్రైలర్ ఆగింది.

"సరిపోయాడా?" అని అడిగింది లోపల్నుంచి.

"సరిపోయాడు," అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.