నేర్పని ఈత

పొద్దున్నుంచి రాయమల్లు మూడుసార్లు రోడ్డు దాకా వెళ్లి వచ్చాడు. ఇచ్చోడలో బస్సెక్కి, నిర్మల్, ఖానాపూర్ దాటి మెట్‌పల్లి పక్కనున్న తమ ఊరికి రావాలంటే ఎంత లేదన్నా మూడు గంటలు పడుతుంది. బడిలో జెండా ఎగరేసి చాక్లెట్లు పంచితే గాని పిల్లలు బయలుదేరరు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా కాళ్లు నిలవడం లేదు.

“నువ్వు గట్ల తిరిగితే బస్సు జల్ది వస్తదా? ఇటు వచ్చి గీ మక్కకంకులన్న ఒలువు,” అంది భార్య పోశవ్వ వంటింట్లోంచి.

“ఒలుస్త తియ్యి. గారెలు మాత్రం వాళ్లు వచ్చినంకనే వెయ్యి. సల్లారితే చింటూగాడు ముట్టడు.”

ఆగస్టు పదిహేను శుక్రవారం పడింది. శనివారం కృష్ణాష్టమి. ఆదివారం ఎలాగూ సెలవే. మూడు రోజులు మనుమరాలు భవ్యశ్రీ, మనుమడు చింటూ తమ దగ్గరే ఉంటారు. తల్లిదండ్రులు వెంట లేకుండా వాళ్లు ఈ ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి.

పంపమని అడిగింది రాయమల్లే. అల్లుడు సాగర్ వచ్చే నెల రెండో తారీఖున మస్కట్ వెళ్తున్నాడు. ఇచ్చోడలో అతని సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఏడాదిగా అంతంత మాత్రంగా నడుస్తోంది. అది చూడలేక రాయమల్లు మస్కట్‌లో ఉన్న పాత దోస్తు హనుమండ్లుకు ఫోన్ చేసి, తాను ఇరవయ్యారేళ్లు పనిచేసిన కంపెనీలోనే వీసా తెప్పించాడు. “ప్రయాణం పనులుంటయి. మూడు రోజులు పిల్లలను నా కాడికి తోలుండ్రి,” అని కబురు పెట్టాడు. కూతురు వినోద ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆమె తండ్రితో ఎప్పుడూ అంతే. ఫోన్లో తల్లితో గంటసేపు మాట్లాడుతుంది. తండ్రి అందుకుంటే మాత్రం, “ఆఁ బాపు, మంచిగున్నం. తిన్నవా? అవ్వకియ్యి,” అంటుంది. ఆ గొంతులో కోపం ఉండదు. కోపమన్నా ఉంటే బాగుండుననిపిస్తుంది రాయమల్లుకు. మస్కట్ నుంచి ఇక పోనని తిరిగొచ్చి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో కూతురు పుట్టింటికి వచ్చి రెండు గంటలకు మించి కూర్చున్నది లేదు.

మధ్యాహ్నం రెండింటికి బస్సు దిగారు. చింటూ జేబుకు కాగితపు జెండా ఇంకా అలాగే ఉంది. సాగర్ ఒక్కడే వాళ్లను తీసుకొచ్చాడు.

“వినోద రాలేదా?” అంది పోశవ్వ.

“పనుందన్నది అత్తా. ఆదివారం పొద్దుమీకి వచ్చి తోల్కపోతం,” అని నాలుగు గారెలు తిని, తర్వాతి బస్సుకే తిరిగి వెళ్లిపోయాడు సాగర్.

ఆ తర్వాత రాయమల్లును పట్టడం ఎవరి తరం కాలేదు. చింటూకు తానే స్నానం చేయించాడు. వాడు సబ్బు కళ్లలో పడిందని అరుస్తుంటే తానూ అరిచాడు. పదేళ్ల భవ్యశ్రీకి జడ వేస్తానని కూర్చుని, మూడు పాయలు ఎలా తిప్పాలో తెలియక చిక్కు చేశాడు.

“తాతా, నీకు జడ ఏస్తానికి రాదా?” అంది భవ్యశ్రీ నవ్వుతూ.

“ఎన్నడన్న ఏస్తె గద బిడ్డా వచ్చేది.”

“మరి మమ్మీకి చిన్నప్పుడు ఎవ్వలేసేటోళ్లు?”

“మీ అమ్మమ్మ,” అన్నాడు రాయమల్లు. దువ్వెన భార్య చేతికిచ్చి లేచాడు.

సాయంత్రం వాన తెరిపిచ్చింది. పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని చేను దగ్గరికి వెళ్లారు. మక్క మనిషెత్తు పెరిగి ఉంది. వారం రోజుల వానలకు బావి నిండి, నీళ్లు చేతికందే దాకా వచ్చాయి. పోశవ్వ బర్రెకు గడ్డి కోస్తోంది. చింటూ తాత వేలు పట్టుకుని బావిలోకి తొంగి చూశాడు.

“తాతా, మమ్మీకి ఈత వస్తదా?”

“ఎందుకు రాదు?”

“ఎవ్వలు నేర్పిండ్రు?”

రాయమల్లు ఒక్క క్షణం ఆగాడు.

“నేనే నేర్పిన,” అన్నాడు. “గిదే బావిల. గప్పుడు దానికి నీ అంతనే. నీళ్లల్ల తేలనీకె నడుముకు బెండు కట్టిన. తాడు నా చేతిల పట్టుకున్న. దుంకుమంటే దుంకది. ‘బాపూ ఇడువకు, బాపూ ఇడువకు’ అని ఒకటే ఏడుపు. నీళ్లు మింగి తుమ్మింది. మల్ల దుంకింది. మూడో దినం దానికి ఎరుక లేకుండ తాడు ఇడిచిన. అది చూస్కోలే. సక్కగ అవతలి దరికి పోయి, మెట్టు పట్టుకొని ఎనుకకు చూసింది. తాడు నా చేతిల లేదు! ఇగ చూడు, నవ్వుడే నవ్వుడు.”

చింటూ నోరు తెరుచుకుని విన్నాడు. “నాకు గూడ నేర్పు తాతా!”

“నేర్పుత. ఎల్లుండి పొద్దుగాల నేర్పుత.”

గడ్డి కోస్తున్న పోశవ్వ చేతిలో కొడవలి ఆగిపోయింది. కాని పిల్లల ముందు ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక, పిల్లలు టీవీ ముందు కూర్చున్నప్పుడు నెమ్మదిగా అడిగింది.

“ఎందుకయ్యా పిల్లగానికి గా అబద్ధం?”

“అడిగిండు. నాకేం తెల్వదని చెప్పాల్నా?” అన్నాడు రాయమల్లు. అతని ముఖం చూసి పోశవ్వ వంటింట్లోకి వెళ్లిపోయింది. వినోద ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు మస్కట్‌కు మొదటిసారి విమానమెక్కిన మనిషి అతను. పోశవ్వకు తెలియనిదేముంది?

శనివారం సాయంత్రం వినోద ఫోన్ చేసింది. చింటూ ఎగిరి అందుకున్నాడు. కృష్ణుని వేషం వేసినట్లు, వెన్న తిన్నట్లు, బర్రె మీద కూర్చున్నట్లు అన్నీ చెప్పి చివరికి, “మమ్మీ, తాత నీకు బావిల ఈత నేర్పిండటగా! నువ్వు ‘ఇడువకు బాపు’ అని ఏడ్చినవటగా! రేపు నాకు గూడ నేర్పుతడు,” అన్నాడు.

కాసేపటికి ఫోన్ చెవి నుంచి తీసి చూశాడు. “మమ్మీ మాట్లాడ్తలేదు. కట్టయినట్టుంది.”

ఫోన్ కట్ కాలేదు. తెర మీద నిమిషాలు తిరుగుతూనే ఉన్నాయి. రాయమల్లు అది చూశాడు.

ఆదివారం సాయంత్రం రావలసిన వినోద, సాగర్ పొద్దున పదింటికే వచ్చేశారు. ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి నేరుగా చేను దగ్గరికి నడిచారు. అప్పుడే రాయమల్లు బావి మెట్ల మీద కూర్చుని చింటూ నడుముకు బెండు కడుతున్నాడు. భవ్యశ్రీ, పోశవ్వ గట్టు మీదున్నారు.

“నాకు నేర్పినట్లనే నేర్పుతున్నవా బాపు?”

ముడి వేస్తున్న అతని చేతులు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే గట్టు మీద కూతురు. ఎండకు చెమటలు కారుతున్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నేను ఏనాడు నీళ్లల్ల కాలు వెట్టలే బాపు,” అంది వినోద. “ఎండకాలం వస్తే నా తోటోళ్లందరికి వాళ్ల బాపులు గీ బావిల్నే ఈత నేర్పేటోళ్లు. నేను గీడనే కూసుండి వాళ్ల బట్టలకు కావలి ఉండేదాన్ని. లింగమూర్తి కాక ‘రా బిడ్డా, నీకు గూడ నేర్పుత’ అంటే పోలే. ‘మా బాపు వస్తడు, మా బాపే నేర్పుతడు’ అన్న.”

“నేను వచ్చినప్పుడు అడుగకపోతివి బిడ్డా,” అన్నాడు రాయమల్లు.

“ఎట్ల అడుగాలె? రెండేండ్లకోపాలి నలభై రోజులు వచ్చేటోనివి. సగం రోజులు నిన్ను చూస్తేనే భయం. భయం పోయి దగ్గరికి వద్దామనుకునే యాళ్లకు నీ పెట్టె సదురుతుండేది అవ్వ.”

“ఊకో బిడ్డా. ఎవ్వల కోసం పోయిండు? మన కోసమే గద,” అంది పోశవ్వ కూతురి భుజం పట్టుకుని.

“ఎరుకే అవ్వా. మన కోసమే. అందరు గదే చెప్పిరి. గందుకే ఏడ్వనీకె గూడ నాకు నోరు లేకుండె.” వినోద కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇప్పుడు ఈయనను తోలుతున్నవు. ఇరవై ఏండ్లకు ఈయన గూడ తిరిగొస్తడు. చింటూగాని కొడుకును పక్కన కూసుండవెట్టుకొని ‘మీ బాపుకు సైకిల్ నేనే నేర్పిన’ అంటడు. అది ఇని చింటూగాడు నా లెక్కనే ఏడుస్తడు. నన్ను ఒక్క మాటన్న అడిగిండ్రా మీ ఇద్దరు?”

చింటూ బెదిరిపోయి తాత ముఖంలోకి చూశాడు.

“తాతా, అబద్ధం చెప్పినవా?”

“అవును బిడ్డా. చెప్పిన,” అన్నాడు రాయమల్లు.

కట్టిన బెండు విప్పి పక్కన పెట్టాడు. లేవబోయి, మళ్లీ ఆ మెట్టు మీదే కూలబడ్డాడు.

“గాని ఉత్తగ అల్లి చెప్పలే వినోదా. అక్కడ ఒక్క రూముల పన్నెండుమందిమి ఉండేది. పనికెల్లి వచ్చి, ఇంత తిని ఒరిగితే పై మంచం రేకు తప్ప ఏం కనవడకపోయేది. కండ్లు మూస్తే ఊరు కనవడేది. రోజు నిన్ను గీ బావికి తోల్కొచ్చేటోన్ని. బెండు కట్టేటోన్ని. నువ్వు ఏడ్చేదానివి. ఎన్నేండ్లు నేర్పిన్నో నాకే తెల్వది. నువ్వెంత పెద్దగయినవో ఎరుక లేకుండె. గందుకే నాకు నువ్వు ఎప్పటికి ఐదేండ్ల పిల్లవే. మొన్న వీడు అడుగంగనే నోట్లకెల్లి గదే వచ్చింది. చెప్తుంటే నాకు అబద్ధమనిపియ్యలే బిడ్డా. చేసిన పనే చెప్తున్న అనిపిచ్చింది.”

అరవై ఏళ్ల మనిషి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. పోశవ్వ పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఏడవగా చూడటం అదే మొదలు. విమానాశ్రయానికి బయలుదేరిన ప్రతిసారీ నవ్వుతూనే జీపెక్కేవాడు.

వినోద కదల్లేదు. ముందుకు రావాలని ఉంది, కాళ్లు రావడం లేదు. చిన్నప్పుడు తండ్రి ఊరికొచ్చిన మొదటి రోజున గుమ్మం వెనక నిలబడ్డట్టే ఇప్పుడూ నిలబడింది.

రాయమల్లు తువ్వాలతో కళ్లు తుడుచుకుని అల్లుడి వైపు తిరిగాడు.

“సాగర్, వీసా తెచ్చింది నేను. వద్దని గూడ నేనే చెప్తున్న. నీకు పోవాలనే ఉంటే మాత్రం ఆపేటోన్ని కాదు.”

సాగర్ వచ్చి మామ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. “నాకు పోవాలనుందనుకున్నరా మామా? మీరు గంత తిప్పలవడి తెచ్చిండ్రు, కాదంటె ఏమనుకుంటరో అని ఊకున్న. నిర్మల్‌ల దోస్తు పెద్ద షాపు పెట్టిండు, పనికి రమ్మంటుండు. పొద్దుగాల పోయి పొద్దుమీకి ఇంటికి రావచ్చు.”

వినోద విస్తుపోయి భర్త వైపు చూసింది. “నాకెందుకు చెప్పలే?”

“మీ బాపు మాటకు నువ్వు ఎదురు చెప్తవనుకోలే.”

“ఆయన మాటకు ఎదురు చెప్పనీకె నేను ఆయనతోని మాట్లాడ్తే గద!” అంది వినోద. అనేశాక తన మాట తనకే వినబడి ఆగిపోయింది.

పోశవ్వకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ముగ్గురికి ముగ్గురు నోట్ల బెల్లం పెట్టుకొని కూసున్నరు,” అంది కళ్లొత్తుకుంటూ.

రాయమల్లు అక్కడే ఫోన్ తీసి హనుమండ్లుకు కలిపాడు. “హనుమండ్లూ, మా అల్లుడు వస్తలేడే. లేదు లేదు, పరేషాన్ ఏం లేదు. పిల్లలు చిన్నోళ్లు, గందుకు,” అన్నాడు. అవతల హనుమండ్లు ఏమన్నాడో గాని రాయమల్లు చాలాసేపు “ఊఁ” కొడుతూ విన్నాడు. “నువ్వు గూడ రారాదుర ఇగ,” అని ఫోన్ పెట్టేశాడు.

ఇంటికొచ్చి అందరూ అన్నాలు తిన్నారు. రెండున్నర బస్సు పోయింది. నాలుగింటి బస్సు కూడా పోయింది. వినోద లేస్తానని అనలేదు. సాగర్ దుకాణం తాళం చెవి సంగతేదో మాట్లాడుతూ ఫోన్ పట్టుకుని బయట తిరుగుతున్నాడు. పిల్లలు వాకిట్లో వాన నీళ్లకు అడ్డంగా మట్టి కట్ట కడుతున్నారు.

రాయమల్లు వసారాలో మంచం మీద కూర్చుని వాళ్లను చూస్తున్నాడు. వినోద లోపలి నుంచి వచ్చింది. కాసేపు స్తంభానికి ఆనుకుని నిలబడింది. తర్వాత మెల్లగా వచ్చి మంచం పక్కన, తండ్రి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

“బాపు,” అంది, ముఖం అటు తిప్పుకునే. “అక్కడ ఇంకేమేం చేసినం మనం?”

రాయమల్లుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, మస్కట్ గదిలో ఒరిగినప్పటిలా కళ్లు మూసుకున్నాడు.

“బడికి తోల్కపోయిన,” అన్నాడు. “మొదటి దినం. నా అంగి పట్టుకొని ఇడువకపోతివి.”

“ఏడ్చిన్నా?”

“మస్తు ఏడ్చినవ్. సార్ వచ్చి లోపటికి గుంజుకపోయిండు.”

“నువ్వు వచ్చేసినవా మల్ల?”

“ఎట్లొస్త? గేటు బయట కూసున్న. నువ్వు కిటికీల నుంచి చూస్తవేమోనని ఆన్నే కూసున్న, బడి ఇడిచేదాక.”

“పొద్దంత ఆన్నే ఉన్నవా?”

“ఆన్నే ఉన్న బిడ్డా. ఎటు పోలే.”

వినోద తండ్రి మోకాలి మీద తల ఆనించింది. అతని చేయి కొద్దిసేపు గాలిలోనే ఆగి, తర్వాత ఆమె జుట్టు మీద వాలింది.

“ఇంకోటి చెప్పు,” అంది వినోద.