పేరు పలక లేని చెట్టు

మా క్యాంపస్ వెనకాల చెట్ల తోటకి చెడ్డపేరుంది. చీకటి పడ్డాక, చిట్టచివర పేరు పలక లేని చెట్టు కిందకి పోయినోళ్లకి... గేటు మళ్లీ తెరుచుకోదంట. మర్నాటి నుంచి వాళ్లు ఆఫీసులో కనపడరంట.

నేను నవ్వేదాన్ని. నిన్న నా రూమ్మేట్ రసజ్ఞ పోయింది. తను చెప్పింది చెప్పినట్టే టైప్ చేస్తున్నా.

మేమిద్దరం బెంచ్ మీదున్నాం — అంటే ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా. నిన్న సాయంత్రం మా లీడ్ హేమంత్ దాన్ని పిలిచాడు.

"తోటలో చెట్లకి యాప్ చేస్తున్నాం. ఆ చివరి చెట్టేంటో తెలీట్లేదు. ల్యాప్‌టాప్ ఇక్కడ పెట్టి, వెళ్లి చూసిరా. కనుక్కుంటే ప్రాజెక్ట్ నీదే."

దానింట్లో జీతం వచ్చేది దానికొక్కదానికే. చీకటి పడుతున్నా పోయింది.

లోపల లైట్లు లేవు. ఫోన్ వెలుగులో నాగమల్లి దాటింది, బావోబాబ్ దాటింది. అన్నిటికీ పలకలున్నాయి. చివరి చెట్టుకి...

పైనుంచి ఏవో వేలాడుతున్నాయి. పొడుగ్గా, తాళ్లకి కట్టినట్టు. గాలి లేదు — అయినా ఊగుతున్నాయి. ఏదో మగ్గిన వాసన.

మెడ మీద చల్లగా, తడిగా... ఎవరో చెయ్యేసినట్టు.

ఆ తడిదాన్ని పట్టుకుని ఫోన్ వెలుగు దానిమీదకి తిప్పింది.

పువ్వు. అరచెయ్యంత, నెత్తురుగడ్డ రంగు పువ్వు.

లైటు పైకెత్తింది. వేలాడేవి కాయలు, ఒక్కోటి సొరకాయంత. గబ్బిలాలు పూలమీద వాలి లేస్తుంటే ఆ తీగలన్నీ ఊగుతున్నాయి. ఫోన్లో ఫొటోలతో పోల్చి చూసింది. కిజీలియా. ఆఫ్రికా చెట్టు, రాత్రిళ్లే పూస్తుంది.

"నవ్వాగలేదే నాకు. దెయ్యమూ లేదు, ప్రాజెక్టూ వచ్చేసింది అనుకున్నా" అంది నాతో.

ఆఫీస్ చాట్‌లో హేమంత్‌కి పేరు పంపింది. పోలేదు. మళ్లీ లాగిన్ అవ్వమంది. పాస్‌వర్డ్ కొడితే తప్పంది. సర్వర్ పాడైందేమో అనుకుని గేటు దగ్గరికొచ్చి ఐడీ కార్డు పెట్టింది.

ఎర్ర లైటు.

చున్నీతో తుడిచి మళ్లీ పెట్టింది. ఎర్ర లైటే.

ఊచల అవతల ఎవరో... కదలకుండా నిలబడున్నారు.

"ఎవరు?"

"నేనే బిడ్డా, ఈశ్వరయ్యను." మా సెక్యూరిటీ. చేతిలో రసజ్ఞ బ్యాగుంది.

"అంకుల్, గేటు తెరుచుకోట్లేదు."

"తెరుచుకోదు." గొంతు తగ్గించాడు. "నేను తీస్త గానీ, కార్డు ఇటియ్యి. ల్యాప్‌టాప్ పైననే తీసుకున్నరు. నిన్ను రోడ్డు దాంక దింపి రమ్మన్నరు."

ఉద్యోగం పోయిందని దానికి వెంటనే అర్థం కాలేదు. "చెట్టు పేరు కనుక్కున్నా అంకుల్..."

"పోయినసారి వచ్చిన పిల్లగాడు గూడ కనుక్కున్నడు బిడ్డా."

రాత్రి రూముకొచ్చి ఇదంతా నాకు చెప్పి, పొద్దున్నే రసజ్ఞ ఊరికి బస్సెక్కింది. దాని మంచం ఖాళీ.

సాయంత్రం నేను ఆఫీస్ నుంచి బయల్దేరుతుంటే హేమంత్ ఆపాడు. "రేపు సాయంత్రం ల్యాప్‌టాప్ ఇక్కడ పెట్టి, జర తోట దాకా వెళ్లిరా. ఒక చెట్టేంటో తెలీట్లేదు..."

కిజీలియా అన్న పేరు నా నోటిదాకా వచ్చింది.

"అలాగే సర్" అన్నాను.