పీపాలో లేని పొగ

"నా నాలుక చచ్చిపోయిందంటున్నారండీ!"

వచ్చిన పెద్దాయన, డిటెక్టివ్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. విస్కీ తయారుచేసే సంస్థలో ముప్ఫై ఏళ్లుగా సరుకు రుచి చూసి ఖాయం చేయడమే ఆయన ఉద్యోగం. అక్కడ అందరూ మాస్టారు అంటారు. పీట్ మట్టి కాల్చిన పొగలో బార్లీని ఆరబెట్టి చేసిన విస్కీ ఒకటి, చివరి రెండేళ్లు వైన్ పీపాల్లో నిలవ ఉంది. ఆ ఉదయం రుచి చూసి, అందులో పొగే లేదన్నాడాయన. యజమాని, ఆయన కొడుకు, గోదాము చూసే మాస్టారి బావమరిది ముగ్గురూ ఉందన్నారు.

"సాయంత్రంలోగా సరుకు బాగుందని సంతకం పెట్టాలిట. లేకపోతే ఉద్యోగం లేదుట. సొంత తమ్ముడే నన్ను కాదన్నాడని మా ఆవిడ ఒకటే ఏడుపు."

డిటెక్టివ్ నిట్టూర్చాడు. ఆయనకు మందు వాసనే గిట్టదు. కానీ ఒక మనిషి మాట నిజమా కాదా తేల్చడానికి మందు తాగాలా? సహాయకుణ్ణి తీసుకుని బయలుదేరాడు.

రుచి చూసే గదిలో బల్లమీద ట్రే, అందులో గ్లాసులు. యజమాని కొడుకు ఒకటి ఎత్తి పట్టుకున్నాడు.

"మొదట ఎండు ద్రాక్ష, తర్వాత దాల్చినచెక్క, చివర్న సముద్రపు గాలిలో చలిమంట..."

"బాబూ, పొగ ఉందా లేదా?" డిటెక్టివ్ విసుక్కున్నాడు.

"బోలెడుంది! మాస్టారికి వయసు మీదపడింది, అంతే."

మాస్టారు జేబులోంచి, రుమాల్లో చుట్టిన తన గ్లాసు తీశాడు. ఎప్పుడూ అందులోనే రుచి చూస్తాడు. సీసాలోంచి కాస్త పోసుకుని రుచి చూసి తల అడ్డంగా ఊపాడు.

"లేదండీ. ద్రాక్ష తీపి ఉంది. పొగ మాత్రం లేదు."

"ఉందంటే ఉంది!" యజమాని బల్ల గుద్దాడు.

"అయ్యా, గొంతు చించుకుంటే పొగ పుడుతుందా?" అన్నాడు డిటెక్టివ్. "నాకు తలనొప్పి వస్తోంది. ఆ ఖాళీ గ్లాసులో కాసిని మంచినీళ్లు ఇప్పించండి."

ట్రే తెచ్చిన బావమరిది గబుక్కున ముందుకొచ్చాడు. "అందులో ఎందుకు సార్? స్టీలు గ్లాసు తెస్తానుండండి."

అతను బయటికి వెళ్లగానే డిటెక్టివ్ ట్రేలోని ఖాళీ గ్లాసులో నీళ్లు పోసుకుని వాసన చూశాడు. తాగకుండా పక్కన పెట్టాడు. స్టీలు గ్లాసు వచ్చాక అడిగాడు.

"ఈ సరుకును వైన్ పీపాల్లోకి మార్పించింది ఎవరు?"

"నేనే సార్. ఆ రోజే పొగలేని సరుకును మామూలు పీపాల్లోకి మార్పించాం. ఒక్కరోజులో రెండు పనులు, చచ్చే చాకిరీ."

సహాయకుడికి ఏమీ అర్థం కాలేదు. అయినా గురువుగారి మొహం చూసి కేసు తేలిపోయిందనుకున్నాడు.

డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టి నీళ్ల గ్లాసు యజమాని ముందుకు జరిపాడు.

"వాసన చూడండి."

"పొగ!" యజమాని నోరు తెరిచాడు. "ఉత్త నీళ్లలోనా?"

"నీళ్లలో కాదు, గ్లాసులో. వీటిని బార్లీ ఆరబెట్టే పొగలో బోర్లించి తెచ్చారు. మీరు వాసన చూసింది ఆ పొగే. మాస్టారు సొంత గ్లాసు వాడతారు కనుక, పీపాలో ఉన్నదే ఆయనకు తెలిసింది. నీళ్లు అడగ్గానే ఈ గ్లాసు వద్దని కంగారుపడింది ఒక్కరే. రెండేళ్ల కిందట సరుకు తారుమారు చేసింది కూడా ఆయనే. అసలు పొగ సరుకు మామూలు పీపాల్లో భద్రంగానే ఉంటుంది, వెళ్లి చూసుకోండి."

బావమరిది తల వంచుకున్నాడు. "పొరపాటున తారుమారైందని పోయినవారమే తెలిసింది సార్. ముగ్గురం ఉందంటే బావ కూడా సరేలే అంటాడనుకున్నా."

"ముప్ఫై ఏళ్లలో ఎప్పుడైనా అన్నానుట్రా?" మాస్టారు అతని వైపు తిరిగాడు. "పొరపాటు ఎవడైనా చేస్తాడు. నా నోటిని అబద్ధం చేస్తావా?"

యజమాని లేచి మాస్టారి చేతులు పట్టుకున్నాడు. "క్షమించండి. మీరు ఉన్నన్నాళ్లూ ఈ కుర్చీ మీదే. వీణ్ణి పోలీసులకు అప్పగించమంటారా?"

"వద్దు లెండి. ఇంటికి తీసుకెళ్తాను. వాళ్లక్కకి వాడే చెప్పుకోవాలి."

బావమరిది మొహం పాలిపోయింది. యజమాని వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సార్, పోలీసులనే పిలవండి సార్."